మూడోసారి పాసైన మహానుభావుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయమని వార్డెన్ గారు మాకు చెప్పినప్పుడు, గాంధీ గారి గురించి రాద్దామని ఒకరు, అంబేద్కర్ గారి గురించి రాద్దామని ఒకరు అన్నాము. వారి గురించి ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చివరికి మా గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఎవరి గురించి రాయాలో మాకు తేల్చి చెప్పింది.

క్రిందటి వానాకాలంలో మాలో ఒకడికి కాలి మీద సెగ్గడ్డ లేచింది. డాక్టరు గారు అయిదు రోజులకు మాత్రలు రాసిచ్చారు. రెండో రోజుకి నొప్పి తగ్గింది. వాడు మాత్రలు ఆపేశాడు. మిగిలిన మాత్రలు వృథా పోతాయని, దగ్గు వచ్చిన ఒకడికి రెండు, గొంతు నొప్పి వచ్చిన ఇంకొకడికి రెండు మేమే పంచిపెట్టేశాము. స్నేహధర్మం చేశామనుకున్నాము. పది రోజుల్లో వాడికి సెగ్గడ్డ మళ్ళీ లేచింది. ఈసారి జ్వరం కూడా వచ్చింది. అవే మాత్రలు వేస్తే ఈసారి పనిచేయలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళితే చీము పరీక్షకు పంపి, మందు మార్చి, ఇంజెక్షన్లు చేశారు. వాడు పదిహేను రోజులు బడి మానేశాడు. సగంలో మందు ఆపితే మొండి క్రిములే మిగిలి పెరుగుతాయని అక్కడి డాక్టరమ్మ గారు మమ్మల్ని మందలించారు. ఇలాంటి మందులు తయారు చేసిన వారిలో మన తెలుగువాడు కూడా ఒకరు ఉన్నారని, కనీసం ఆయన కోసమైనా మందును గౌరవించండని చెప్పి పంపారు.

ఆ తెలుగువాడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

బాల్యం – విద్యాభ్యాసం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం. తండ్రి గారి ఆరోగ్యం అంతంత మాత్రం, ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చిన్న వయసులో సుబ్బారావు గారికి చదువు మీద కన్నా డబ్బు సంపాదన మీదే మనసుండేది. కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బాగా సంపాదించవచ్చని బంధువుల కుర్రాడితో కలిసి ఇంట్లోంచి పారిపోయారు. తల్లి గారు ఊరుకోలేదు. మధ్యలోనే పట్టి తెప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అప్పటి మెట్రిక్యులేషన్ అంటే ఇప్పటి మన పదో తరగతి లాంటిది. ఆ పరీక్షలో సుబ్బారావు గారు ఫెయిలయ్యారు. రెండోసారి కూడా ఫెయిలయ్యారు. మద్రాసులోని హిందూ హైస్కూలులో చేరి మూడోసారి పాసయ్యారు. మన హాస్టల్లో పదో తరగతి తప్పిన వాళ్ళు పెట్టె సర్దుకుని చెరకు నరకడానికో, విశాఖపట్నంలో కూలి పనికో వెళ్ళిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఆనాడు వెంకమ్మ గారు కూడా ఇక చాలులే అనుకొని ఉంటే ప్రపంచానికి ఎంత నష్టం జరిగేదో ఈ వ్యాసం చివరికి మీకే తెలుస్తుంది.

తండ్రి గారు 1913లో కాలం చేశారు. సుబ్బారావు గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని ఆయన కోరిక. తల్లి గారు ఒప్పుకోలేదు. వైద్యం చదివితే అదీ సేవే కదా అని పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చులకు సాయపడ్డారు.

అది గాంధీ గారి పిలుపుతో దేశమంతా కదులుతున్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరు బట్టతో కుట్టిన కోటు వేసుకొని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఇంగ్లీషు ప్రొఫెసరు గారికి అది నచ్చలేదు. పరీక్షలలో ఆ ప్రభావం కనబడింది. మిగతా రాత పరీక్షలు బాగా రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే ఇచ్చారు. ఒక కోటు కోసం డిగ్రీ పోగొట్టుకున్నారన్న మాట.

ఇంట్లో విషాదం – ఆయుర్వేద కళాశాలలో ఉద్యోగం

1921లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్నగారు పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో మరణించారు. అన్నగారిని బలిగొన్న జబ్బు పేరు స్ప్రూ. అంటే తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి శుష్కించిపోయే వ్యాధి. దానికి అప్పట్లో సరైన మందు లేదు. చదివిన వైద్యం ఇంట్లో వాళ్ళను కాపాడలేకపోయిందన్న బాధ సుబ్బారావు గారిని జీవితాంతం వెంటాడింది.

ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా చేరారు. ఇంగ్లీషు వైద్యం చదివిన యువకుడు మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, వేప, తిప్పతీగల మధ్య పాఠాలు చెప్పారు. మన పెద్దవాళ్ళు వాడిన ఆకులు, వేర్లు ఎలా పనిచేస్తున్నాయో ఆధునిక పద్ధతిలో పరిశీలించాలన్న ఆసక్తి అక్కడ ఆయనకు బలపడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు తరువాత పని ఉంది.

అమెరికా ప్రయాణం

పరిశోధన చేయాలంటే అమెరికా వెళ్ళాలి. డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారు సాయం చేస్తామన్నారు. మామగారు మరికొంత ఇచ్చారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో దిగారు. ఎవరో పుణ్యాత్ముడు పెట్టిన ధర్మనిధితో చదువుకున్నవాడు ఆయన. ప్రభుత్వం ఇచ్చే మెస్ చార్జీలతో చదువుకుంటున్న వాళ్ళం మనం. కాబట్టి ఆయన మనకు పరాయివాడు కాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఇండియాలో పొందిన ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ డాక్టరుగా ఉద్యోగం దొరకలేదు. కడుపు నింపుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పని చేశారు. ఏ పనో తెలుసా? రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని. పగలు చదువు, రాత్రి ఆ పని. అగ్రహారపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు. మన తల్లిదండ్రులలో, తాతముత్తాతలలో ఎందరో తరతరాలుగా ఆ పని చేసి అవమానాలు పడ్డారు. పని వల్ల ఎవరూ తక్కువ కారని పుస్తకంలో చదివితే ఒక రకం, ఇలాంటి జీవితంలో చూస్తే మరో రకం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధన చేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించారు. దానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో ఎ.టి.పి.ని కనుగొన్నారు. మనం నడిచినా, కబడ్డీ ఆడినా, నిద్రపోతున్నప్పుడు గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఈ ఎ.టి.పి. నుండే వస్తుంది. మన జీవశాస్త్రం పుస్తకంలో ఆ మూడు అక్షరాలూ ఉన్నాయి. వాటి వెనక ఉన్న తెలుగువాడి పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్ వారు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు మారి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఎనిమిదేళ్ళలో నాలుగు వరాలు

మొదటి వరం ఫోలిక్ ఆమ్లం. ఇది ఆకుకూరలలో ఉండే విటమిను. 1941లో ఇతర శాస్త్రవేత్తలు దీనిని పాలకూర నుండి వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఆ పేరు పెట్టారు. సుబ్బారావు గారి బృందం 1945లో దానిని ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు అది పనిచేస్తుందని వెంటనే తేలింది. అన్నగారు పోయిన ఇరవై నాలుగేళ్ళకు ఆ జబ్బు మందు తమ్ముడి చేతుల మీదుగా వచ్చింది. ఇప్పుడు గర్భిణులకు, మన బడిలో ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రెండవ వరం క్యాన్సరు మందు. ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పోలికతో ఉండి దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్‌ను ఆయన బృందం తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానిని రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ వాడుతున్నారు.

మూడవ వరం హెట్రజాన్. అది 1947లో వచ్చింది. దానినే డి.ఇ.సి. అంటారు. మిత్రులారా, బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ, బడికీ, హాస్టలుకీ తెచ్చి మింగించే మాత్ర అదే. మేము ఆ మాత్రను నాలుక కింద దాచి, వాళ్ళు వెళ్ళగానే నూతి పళ్ళెం దగ్గర ఉమ్మేసిన సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. మన ఊళ్ళలో ఏనుగు కాలులా వాచిన కాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలివాళ్ళు మనకు తెలుసు. మనం ఉమ్మేసింది ఎవరి కష్టమో అప్పుడు తెలియలేదు.

నాలుగవ వరం ఆరియోమైసిన్. అప్పటికి ఉన్న పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ లొంగదీయలేని క్రిములెన్నో ఉన్నాయి. ఆయన విభాగంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త అనేక చోట్ల నుండి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు వ్యవసాయ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో 1945లో బంగారు రంగు పదార్థాన్ని ఇచ్చే సూక్ష్మజీవి దొరికింది. ఆ మందును 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొట్టమొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం మింగిన టెట్రాసైక్లిన్ దీని వంశంలోనిదే.

మందు ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. మూడేళ్ళలో వస్తానన్న మనిషి ఇరవై ఆరేళ్ళు గడిచినా ఇంటికి రాలేదు. ఆయన గొప్పతనంతో పాటు శేషగిరి గారి ఎదురుచూపును కూడా మనం తలచుకోవాలి. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. పేరు కోసం పాకులాడలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మందును ఓడించిన క్రిములు

సుబ్బారావు గారి కథ ఇక్కడితో అయిపోయింది. ఆయన మందు కథ మాత్రం అయిపోలేదు. ఆయన పోయిన తరువాత అదే లెడర్లీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపితే అవి వేగంగా బరువు పెరిగాయని గమనించి 1950లో ప్రకటించారు. ఇంకేముంది, జబ్బు లేని కోళ్ళకు, పందులకు కూడా టన్నుల కొద్దీ యాంటీబయాటిక్ మేపడం మొదలైంది. 1976లో స్టూవర్ట్ లెవీ అనే వైద్యుడు ఒక కోళ్ళ ఫారంలో పరిశీలించి చూపారు. మేతలో మందు కలిపిన కొద్ది కాలానికే కోళ్ళ కడుపులోను, కొన్ని నెలలకు ఆ ఇంటి మనుషుల కడుపులోను మందుకు లొంగని క్రిములు చేరాయి.

క్రిములు ఎలా తప్పించుకుంటున్నాయి? 1980లో లెవీ గారి బృందమే ఒక కీలకం కనిపెట్టింది. చెరకు తోటలో వాననీరు నిలిస్తే మన నాన్నలు మోటారు పెట్టి బయటికి తోడేస్తారు కదా. మొండి క్రిమి కూడా తన గోడలో అలాంటి మోటార్లు పెట్టుకొని, లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. మందు ఉంది, కాని లోపల నిలవదు. మందును ముక్కలు చేయడం, మందు అతుక్కునే చోటును మార్చుకోవడం వంటి ఉపాయాలు కూడా క్రిములకు ఉన్నాయి. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

మొక్కలు ఇచ్చే తోడు

ఇప్పుడు ఆయుర్వేద కళాశాల సంగతి గుర్తు తెచ్చుకోండి. మోటారు తిరుగుతున్నా ఫుట్‌వాల్వులో గడ్డి ఇరుక్కుంటే నీరు ఎక్కదు. క్రిమి మోటారులో అలా ఇరుక్కునే పదార్థాలు కొన్ని మొక్కలలో దొరికాయి.

సర్పగంధ వేరులో ఉండే రెసర్పిన్ రక్తపోటు మందుగా 1950ల నుండి ప్రసిద్ధం. అది బ్యాక్టీరియా మోటారును అడ్డుకుంటుందని 1991లో తెలిసింది. దానిని కలిపితే, టెట్రాసైక్లిన్‌ను తోడేసే మొండి స్టెఫైలోకోకస్ క్రిముల మీద ఆ మందు మళ్ళీ బాగా పనిచేసిందని 2000లో ప్రయోగశాలలో చూపారు. సుబ్బారావు గారి మందు వంశానికి మన సర్పగంధ తోడు నిలిచిందన్నమాట!

అదే 2000లో అమెరికాలో మరో విచిత్రం బయటపడింది. మన మానుపసుపులో ఉండే బెర్బెరిన్ అనే పచ్చని పదార్థానికి క్రిములను చంపే గుణం ఉంది. కాని క్రిములు దానిని తోడేస్తాయి. బెర్బెరిన్ ఉండే కొన్ని మొక్కలు దానితో పాటు మోటారును ఆపే మరో పదార్థాన్ని కూడా తయారు చేసుకుంటున్నాయని కనుగొన్నారు. ఆ రెండో పదార్థం ఒంటరిగా క్రిమిని చంపలేదు, మొదటిదానికి దారి ఇస్తుంది.

మన పాడేరు, అరకు కొండల్లో కాఫీ తోటల నీడ చెట్లకు పాకే మిరియాల తీగ మనకు తెలిసినదే. మిరియం ఘాటుకు కారణం పైపరిన్. దానిని సిప్రోఫ్లోక్సాసిన్‌తో కలిపితే స్టెఫైలోకోకస్ మీద మందు బలం పెరుగుతుందని జమ్మూలోని ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. మందు శరీరానికి బాగా పట్టేలా చేసే గుణం కూడా పైపరిన్‌కు ఉంది. ఆ గుణం ఆధారంగా క్షయ మందు రిఫాంపిసిన్‌కు పైపరిన్ కలిపిన గొట్టపు బిళ్ళను మన దేశంలోనే తయారు చేశారు.

అయితే మిత్రులారా, ఇది చదివి ఎవరూ సెగ్గడ్డకు మిరియాల కషాయం తాగి మాత్రలు మానేయకండి. ఈ ఫలితాలలో ఎక్కువ భాగం గాజు పాత్రలలో వచ్చినవే. రెసర్పిన్‌ను క్రిమి మోటారు ఆపేటంత మోతాదులో ఇస్తే మనిషికే ప్రమాదం. అందుకే అది ఆ పనికి వాడకంలోకి రాలేదు. మిరియాల చారులో ఉండే పైపరిన్ ఎంతో, పుండు దగ్గరికి చేరేది ఎంతో లెక్క తేలాలి. తోడు మందు అనే ఆలోచన మాత్రం వట్టిది కాదు. అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ ఆమ్లం అలాంటి తోడే. అది వచ్చింది మొక్క నుండి కాదు, మట్టిలోని సూక్ష్మజీవి నుండి. మొక్క నుండి అలాంటి తోడును తెచ్చి ఆసుపత్రిలో నిలబెట్టే పని ఇంకా మిగిలి ఉంది.

ఆ మిగిలిన పని ఎవరు చేయాలి? సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పినప్పుడు, ఆయన నాలుగు గొప్ప మందులు ఇస్తారని భీమవరంలో ఎవరైనా అనుకున్నారా? మన గదుల్లో, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకొని చదివే వాళ్ళలో అలాంటివారు లేరని ఎవరు చెప్పగలరు?

ఇంత చదివిన తరువాత మేము గదిలో మూడు నియమాలు గోడకు రాసి అంటించాము. డాక్టరు రాసిన మందు రాసినన్ని రోజులూ వాడాలి. ఒకరి మాత్ర ఒకరు వేసుకోకూడదు. బోదకాలు మాత్రను అందరి ఎదుటా మింగాలి. సెగ్గడ్డ లేచిన మిత్రుడే ఆ కాగితం రాశాడు. వాడి కాలి మీద మచ్చ ఇంకా ఉంది. పదో తరగతి పరీక్షల్లో వాడికి లెక్కలు పోయాయి. పెట్టె సర్దుకోబోతే మేమంతా కూర్చోబెట్టి ఈ కథ చెప్పాము. ఇప్పుడు సప్లిమెంటరీకి చదువుతున్నాడు. వాడికింకా ఒక్కసారే తప్పింది కదా!

– వసతి గృహ విద్యార్థి బృందం, బుచ్చయ్యపేట